గుడిసెలో కట్టిన పడవ

పోయిన నెల విరుదునగర్‌లో మా తమ్ముడి మనవరాలికి సడంగు చేశారు. ఆడపిల్ల పెద్దమనిషైతే చేసే వేడుకను మా వైపు తెలుగువాళ్ళం అలాగే అంటాం. తమిళం మాటే, తాతల నాటి నుంచీ మా నోట్లో నాని నాని మాదైపోయింది. కల్యాణ మండపంలో చలిపుట్టే ఏసీ, వేదిక మీద ఒక గుడిసె. గుడిసె అంటే ప్లాస్టిక్ తాటాకులు, ప్లాస్టిక్ మామిడి తోరణం, చుట్టూ మినుకు మినుకుమనే రంగు దీపాలు, లోపల ఒక సోఫా. సోఫాలో మా దీక్ష పట్టుచీర కట్టుకుని ఫోను చూసుకుంటోంది. డెకరేషన్ వాళ్ళు మాటిమాటికీ వచ్చి, సాయంత్రం సాత్తూరులో ఇంకో సడంగు ఉంది, కర్పూరం సెగ గుడిసెకు తగలనీయకండి అని మమ్మల్ని హెచ్చరించి పోతున్నారు. మేనమామ చేత్తో కాల్చాల్సిన గుడిసెను కాలకుండా కాచుకోవడమే ఈ కాలపు శాస్త్రమన్నమాట. నేను నవ్వుకున్నాను. అంతవరకూ నా మనసు బాగానే ఉంది.

భోజనాల దగ్గర మా తమ్ముడు చెడగొట్టాడు. వాడికి నలుగురు కనిపిస్తే చాలు, నోరు ఊరుకోదు. వరసగా కూర్చున్న చుట్టాలకు వినబడేలా, "అప్పుడంతా నిజం గుడిసె. మేనమామ నిప్పు పెట్టేది. మా అక్క సడంగులో గుడిసె ఒకటే కాదు, దాంతో పాటు ఒక కప్పలు కూడా కాల్చేస్తిమి!" అన్నాడు. కోవిల్‌పట్టిలో కప్పలేమిటని అందరూ పగలబడి నవ్వారు. కప్పలంటే తమిళంలో ఓడ. సముద్రం పేరు చెబితే గాలిమరల వైపు చూపించే జనం వాళ్ళు. వాడికి ఆ రోజు ఏం గుర్తుంటుంది, అమ్మ కొంగు పట్టుకుని మంట చూసి చప్పట్లు కొట్టినవాడు. నా ఆకులో పాయసం అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా భోజనం చెడగొట్టగలిగిందా ఆ పడవ అని నా మీద నాకే చిరాకు వేసింది.

అది కప్పలు కాదు, పడవ. ఒల్లాందువాళ్ళ చేపల పడవ. తూత్తుకుడిలో పాత కాలంలో కోట కట్టుకుని వ్యాపారం చేసిన డచ్చివాళ్ళను మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒల్లాందోళ్ళు అనేది. ఆ పడవ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇంటి వాసన చెప్పాలి. మైదాపిండి ఉడికించిన జిగురు, అందులో పురుగు పట్టకుండా కలిపిన మయిలుతుత్తం, ఎండలో పరిచిన పలచని చెక్క రేకులు, ఈ మూడూ కలిసిన వాసన అది. ఆ రోజుల్లో అగ్గిపెట్టెలు చెక్క రేకుతోనే చేసేవాళ్ళు. మిల్లులో దుంగను చీపురుపుల్ల కన్నా పలచగా ఒలిచి, మడత గీతలు గీసి కట్టలు కట్టి ఇంటింటికీ ఇచ్చేవాళ్ళు. అమ్మ, అవ్వ నడవలో ఎదురెదురుగా కూర్చుని పెట్టెలు అతికేవాళ్ళు. అవ్వ ఒక చెంపలో ఆకువక్క, చూపుడువేలికి జిగురు, మాట మాత్రం వీధిలో పోయేవాళ్ళతో. ఆమె చేతులు ఒకసారి కూడా పెట్టె వైపు చూడమని కళ్ళను అడిగినట్టు నేను చూడలేదు. మా అన్నంలో, తలనూనెలో, పాఠ్యపుస్తకాలలో కూడా ఆ జిగురు వాసనే ఉండేది.

నాయన బడిలో క్రాఫ్టు మాస్టరు. కయత్తారు పక్కన మా ఊళ్ళో నల్లరేగడి చేను ఉండేది గాని వాన ఉంటేనే పంట, వాన ఉండేది కాదు. అందుకని ఊరొదిలి కోవిల్‌పట్టి చేరి, పిల్లలకు రంపం పట్టడం నేర్పుతూ బతికాడు. మెల్లగా మాట్లాడే మనిషి. నూలు అంటే ఆయనకు ప్రాణం. బట్టల నూలు కాదు, వడ్రంగుల నూలు, అంగుళంలో ఎనిమిదో పాలు. ఎవరైనా బెంచీ చేసి తెస్తే అది ఎంత అందంగా ఉన్నా సరే, ఒక నూలు తేడా కనిపిస్తే ఆయన మొహం పంటి కింద రాయి పడ్డట్టు అయ్యేది. అమ్మ సాంబారులో ఉప్పు తగ్గితే ఏమీ అనేవాడు కాదు, గోడకు పటం వంకరగా ఉంటే మాత్రం అన్నం మధ్యలో లేచి సరిచేసి వచ్చేవాడు.

పెట్టెల మీద అతికే నీలం కాగితం, అట్టలు చేసేవాళ్ళ దగ్గరికి పరదేశాల పాత కాగితం మూటలు మూటలుగా వచ్చేది. నాయన సెలవు రోజుల్లో అక్కడికి పోయి, బొమ్మలున్న కాగితాలు ఏరుకుని వచ్చేవాడు, పిల్లలకు చూపించడానికి. అలా ఒక రోజు మడతలు చిరిగిన పెద్ద పటం ఒకటి, దానికి అంటుకుని ఒక రంగు బొమ్మ దొరికాయి. పటం నిండా పడవ గీతలు, పక్క నుంచి, పై నుంచి, కోసి చూపినట్టు అడ్డంగా. రంగు బొమ్మలో బొద్దుగా, ముక్కు పైకెత్తిన ఒక పడవ, గోధుమ రంగు తెరచాప, రెండు పక్కలా ఏనుగు చెవుల్లాంటి రెండు చెక్కలు. భాష మాకు తెలియదు. అంకెలు తెలుసు. గీతలు నాయనకు తెలుసు. "అడుగు చూడు, పలక మాదిరి వుండాది. లోతు లేని నీళ్ళల్లో పోయేదానికి కట్టినారు" అన్నాడు నాతో. తర్వాత కాస్త నవ్వి, "నీళ్ళే లేని వూరికి ఇంకా బాగ సరిపోతుంది" అన్నాడు.

ఇరవైలో ఒక వంతు కొలతకు కడదామన్నాడు. అసలు పడవలో ఇరవై అంగుళాలు ఉన్నది మా పడవలో ఒక్క అంగుళం. కొలతలు వేయడం, రేకు మీద గీయడం ఆయన పని. ఆయన వేళ్ళు తలుపులూ బెంచీలూ చేసిన వేళ్ళు, అగ్గిపెట్టె రేకును పట్టుకుంటే పుటుక్కున విరిగేది. నా వేళ్ళు అవ్వ దగ్గర జిగురు నేర్చుకున్న వేళ్ళు. అందుకని కోయడం, వేడినీళ్ళలో నానబెట్టి వంచడం, అతకడం, గుచ్చడం అంతా నాది. ఆ పడవను ముందు పక్కటెముకలు నిలబెట్టి తర్వాత చర్మం తొడిగినట్టు కట్టరు. అడుగు పలక పరిచి, చర్మం ముందు కట్టుకుంటూ పోయి, ఎముకలు తర్వాత లోపల దూరుస్తారు. పటంలో మేం అర్థం చేసుకున్నది అదీ. బడికి వచ్చిన వడ్రంగి ఒకాయన చూసి, "ఇది తలకిందుల పని సారు" అని నవ్విపోయాడు.

ఒక్క దగ్గర మాత్రం నాయన ఆగిపోయాడు. పడవ నడుము దగ్గర, నీళ్ళలో మునిగే పలకల మీద పటంలో బొట్లు బొట్లుగా చుక్కలున్నాయి. అచ్చు మరకలని ఒకరోజు, పురుగు తిన్నదని ఇంకోరోజు అనుకున్నాడు. రెండో వైపు కూడా సరిగ్గా అవే చుక్కలు కనిపించేసరికి ఆయనకు నిద్ర పట్టలేదు. అవి తూట్లు. పడవకు ఎవరన్నా తూట్లు పెడతారా? మేం బావి తప్ప నీళ్ళెరగని మనుషులం. తూటున్న చెంబు కూడా మా ఇంట్లో పనికిరాదు. "తప్పు పటం ఇది, పాపా" అని చుట్టేసి పైన పెట్టేశాడు. వంటింట్లో పోపుల అంజరపెట్టె కడుగుతూ ఉండగా నాకు తట్టింది. ఆవాల గదిలో నూనె ఒలికితే జీలకర్ర గదికి పోదు. తూట్లున్న చోటుకు ముందొకటి, వెనకొకటి పటంలో అడ్డగోడలున్నాయి. ఆ మధ్యలో నీళ్ళు కావాలనే రానిస్తారు, పట్టిన చేపలు ఇల్లు చేరేదాకా అందులో బతుకుతూ ఉంటాయి. తడి చేతులతో పరిగెత్తి చెప్పాను. నాయన పటం దించి, చాలాసేపు చూసి, నన్ను చూసి, "ఆమా" అన్నాడు, అవునని. అంతే అన్నాడు. నా జీవితంలో నాకు చాలామంది చాలా మెప్పులిచ్చారు, ఆ "ఆమా" ముందు అవన్నీ ఊక.

ఆ రోజే ఆయన మాట ఇచ్చాడు. విరుదునగర్‌లో బడుల చేతిపనుల ప్రదర్శన జరగబోతోంది. అక్కడ ఈ పడవ పెడతాను, కింద అట్ట మీద చేసినది విజయలక్ష్మి అని నా పేరు రాస్తాను అన్నాడు. అమ్మ ఆ మాట విని జిగురు వేలు గాలిలో ఆపి, "పేరు రాస్తారా? మేము ఇన్నేండ్లుగా ఒట్టిన పెట్టెల మీద ఎవురి పేరు వుండాది? కంపెనీ నెమలి బొమ్మ వుండాది" అంది. ఎగతాళిగా అన్నా, ఆ రోజు నుంచి నా వంతు పెట్టెలు కూడా అమ్మే అతికింది. నన్ను పని నుంచి లేపింది లేదు. తెరచాపకు గోధుమ రంగు కావాలంటే అవ్వ ఆకుసంచీలోంచి కాచు ముక్క తీసి ఇచ్చింది కూడా అమ్మే. ఆ మధ్య ఎక్కడో చదివాను, ఆ దేశపు జాలరులు నిజంగానే తమ తెరచాపలకు కాచు పట్టించేవారట. చెప్పుకోవడానికి నాయన లేడు.

పడవ పూర్తయ్యే దశలో నేను పెద్దమనిషినయ్యాను. కళుగుమలై దగ్గర ఊళ్ళో ఉండే మా మేనమామ రామసామి పచ్చి తాటాకులు, వేపకొమ్మలు బండికి వేసుకుని వచ్చి, దొడ్లో గుడిసె కట్టాడు. సడంగు దాకా నేను అందులోనే ఉండాలి, మగవాళ్ళ మొహం చూడకూడదు, తీట్టు. అంటును మేం అలా అంటాం. నేను తాకిన చాప, చెంబు, బట్ట ఏదీ ఇంట్లోకి తిరిగి రాదు. బట్టలు చాకలామెకు, మిగిలింది గుడిసెతో పాటు నిప్పుకు. అది అందరికీ తెలుసు. అమ్మకు తెలుసు, నాయనకు తెలుసు. తెలిసి తెలిసి ఆ పడవను అక్కడికి ఎందుకు తెచ్చారంటే నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ప్రదర్శన దగ్గర పడుతోంది, నేను లోపల ఏడుస్తున్నాను, అవ్వ మధ్యాహ్నం కునుకు తీసింది. అమ్మ చేట బోర్లించి దాని కింద పడవ పెట్టుకుని గుడిసెలోకి వచ్చేసింది. "ఏడవొద్దు, చేసుకో. అవ్వకు కనబడనీయొద్దు" అంది.

తర్వాతి రోజుల్లో నాయన బడి నుంచి రాగానే దొడ్లోకి వచ్చి, గుడిసెకు వీపు పెట్టి, పీట వేసుకుని కూర్చునేవాడు. నా మొహం ఆయన చూడకూడదు కదా, చూడలేదు. పటం తొడ మీద పరుచుకుని ఆకుల గోడకు చెప్పినట్టు అళవులు చెప్పేవాడు. అళవంటే కొలత. "చెవి చెక్క, పొడవు అయిదంగుళాల రెండు నూలు. కింద వెడల్పు, పైన సన్నం. రాసుకుంటివా?" రాసుకున్నానని నేను లోపలి నుంచి అనేదాన్ని. "ఒక చెవిని మాత్రమే దించాల. గాలి ఎటు తోస్తుందో ఆ పక్కది నీళ్ళల్లోకి, ఇంకొకటి పైకి. రెండూ దించితే తప్పు." ఎవరైనా దొడ్లోకి వస్తే గొంతు సవరించుకుని పేపరు చదువుతున్నట్టు నటించేవాడు. పచ్చి తాటాకు వాసన, బయట నాయన గొంతు, ఒళ్ళో పడవ. తూట్లన్నీ నేను గుండుసూదితో, సరిగ్గా పటంలో ఉన్నన్నే వేశాను. నన్ను అంటరానిదానిగా కూర్చోబెట్టిన ఆ రోజులే నా చిన్నతనంలో నేను ఎక్కువ సంతోషంగా ఉన్న రోజులు. ఇది చెబితే మా ఇంట్లో ఆడపిల్లలు నన్ను విచిత్రంగా చూస్తారు.

సడంగు రోజు పొద్దున అత్త నాకు నీళ్ళు పోసి, మామ తెచ్చిన పట్టుపావడా కట్టింది. దొడ్డి నిండా చుట్టాలు. అమ్మ పడవను ముందే తప్పించేద్దామనుకుంది గాని, పాలు పొంగించే దగ్గర ఆమెను ఎవరో పిలిచారు. మామ కాగడా పట్టుకుని వచ్చేసరికి, చాప, చెంబు సరిగ్గా లోపలే ఉన్నాయా అని చూడటానికి అవ్వ వంగి గుడిసెలోకి తొంగి చూసింది. చేట ఎత్తింది. రెండు చేతులూ చీర కొంగుకు తుడుచుకుంటూ, తాకకుండా, అలాగే నిలబడిపోయింది.

"ఇది యాల ఇక్కడుండాది?" అంది.

మా మామ మంచి మనసున్న మనిషి. పడవ చూశాడు, నా మొహం చూశాడు, విషయం పట్టేశాడు. నాయన వైపు తిరిగి, కళ్ళతో సైగ చేస్తూ, "బావ, నువ్వు చేసి, జిగురు ఎండేదానికి లోపల పెట్టుంటివి. పాప తాకలే కదా?" అన్నాడు. అవ్వ కూడా రాక్షసి కాదు. ఆమె నాయన వైపు చూసిన చూపులో, తాకలేదని చెప్పు, నేను ఒప్పుకుంటాను అన్నదే నాకు కనిపించింది. "చెప్పు కొడుకా. నీ పనా, దాని పనా? నీదయితే ఎత్తుకో, పసుపునీళ్ళు చల్లి ఇంట్లాకి తీసుకుపోదాం" అంది.

తలుపు తెరిచి పెట్టినట్టే పెట్టారు. ఊ అంటే చాలు. నేను అత్త పక్కన తడి జుట్టుతో నిలబడి, ఊ అను నాయనా, ఊ అను అని లోపల గింజుకుంటున్నాను. నాయన పడవను చూశాడు. అన్ని రోజులు ఆకుల గోడకు అవతల నుంచి కొలతలు చెప్పాడే గాని, పూర్తయిన పడవను ఆయన చూడటం అదే మొదలు. వంగి, చెవి చెక్క దగ్గర కన్ను పెట్టి, ఒక నూలు తేడా ఉందా అని వెతికినట్టు చూశాడు. తేడా లేదు. లేచి నిలబడి, అందరికీ వినబడేట్టు, "లేదమ్మా. పడవ దానిదే. నేను అళవు చెప్పినాను, అంతే. చేసిందంతా పాపే" అన్నాడు.

"అప్పుడు సరి" అంది అవ్వ. "గుడిసెలోది గుడిసెతోనే పోవాల."

మామ నిప్పు పెట్టాడు. పచ్చి ఆకులు పొగ చిమ్మి చిటపటమన్నాయి గాని, పడవ ఎండిన రేకు కదా, తెరచాప ముందు అంటుకుని ఒక్క ఊపులో పోయింది. మైదా జిగురు కాలిన వాసన, దోసె మాడినట్టు. చుట్టాల్లో ఒకావిడ, "ఇంత మంచి పని ఈ పిల్ల చేసిందా?" అంటే ఇంకొకావిడ, "సారే చెప్పినాడు కదా" అంది. నా పేరు పైకి వచ్చిన ప్రదర్శన అదొక్కటే. విరుదునగర్ ప్రదర్శనకు నాయన బడి పిల్లలు చేసిన బల్లలు, బుట్టలు పట్టుకుని పోయి, వచ్చి, ఏం జరిగిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అమ్మ చాలా రోజులు ఆయన మీద సణుగుతూనే ఉండింది. "బడిలో మొద్దు పిల్లోళ్ళకంతా లేని మార్కు వేసి పాసు చేస్తాడు. ఇంట్లో ఒక్క అబద్దం చెప్పలేకపోయె" అనేది. నాయన వినేవాడు, అన్నం తినేవాడు. మళ్ళీ చేద్దామా పాపా అని ఒకసారి అడిగాడు. వద్దన్నాను. ఆయన కూడా ఇంకెప్పుడూ పడవ మాట ఎత్తలేదు. నేను మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, ఆయన మనవరాలికి గిలక్కాయ చెక్కుతూ కూర్చుని ఉంటే, ఆ రోజు ఊ అనుంటే ఏమయ్యేది నాయనా అని అడిగేశాను. ఆయన చెక్కడం ఆపకుండానే, "నువ్వు ఆడ నిలబడి వింటా వుంటివే, పాపా" అన్నాడు. అలాంటి జవాబిచ్చిన మనిషి మీద కోపం పెట్టుకోవడానికి వీల్లేదు. వీల్లేకుండా చేశాడని ఇంకా కోపం వచ్చింది. ఆయన పోయాక కూడా అది పోలేదు. కొన్ని రోజులు ఆయన చేసింది గొప్ప పని అనిపిస్తుంది, నిజాన్ని నూలు కూడా జరపని మనిషి అని పొంగిపోతాను. కొన్ని రోజులు, అది పిరికితనమేనేమో, తల్లి ముందు తప్పించుకోవడానికి దొరికిన తేలిక దారి నిజమేనేమో అనిపిస్తుంది. ఒక అబద్ధం, ఒక నిజం, ఈ రెండింటినీ తక్కెడలో వేసి చూసుకుంటూనే ముసలిదాన్నయ్యాను.

మండపంలో భోజనాలయ్యాక డెకరేషన్ వాళ్ళు వచ్చి గుడిసెను ముక్కలు ముక్కలుగా విప్పి వ్యానెక్కిస్తుంటే, దీక్ష సోఫాలోంచి లేచి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది. నగలు గుచ్చుకుంటున్నాయని మొహం చిట్లించుకుంటూ, "అవ్వా, తాత చెప్పిన బోటు నిజంగా నువ్వే చేసినావా?" అంది. చెప్పాను. తూట్లు, అంజరపెట్టె, ఆకుల గోడ, మామ సైగ, నాయన చెప్పిన మాట, అన్నీ. ఫోను ఒళ్ళో బోర్లించి పెట్టుకుని మొత్తం వింది, మధ్యలో ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదు. అంతా అయ్యాక, మీ ముత్తాత చేసింది న్యాయమా, అబద్ధం చెప్పుండాల్సిందా, నువ్వు చెప్పు అని అడిగాను. పిల్లలు మెచ్చుకుంటారేమో చూద్దామని.

అది కనుబొమలు ముడిచి, నేనేదో సులువు లెక్కలో తప్పు చేసినట్టు చూసింది.

"నిజం చెప్పింది సరే అవ్వా. పాపే చేసింది, కాల్చొద్దు అని ఎందుకు చెప్పలే?"

ఆ దొడ్లో అంతమంది పెద్దలున్నారు. నా మీద ప్రేమున్న మామకు తోచలేదు. చేట కింద పడవ మోసుకొచ్చిన అమ్మకు తోచలేదు. నాయనకు తోచలేదు. ఇన్నేళ్ళుగా ఇంత కోపం మోసుకుని తిరిగాను, నాకూ తోచలేదు.